మా ఇంటి చప్పుళ్ళు

బడికి సెలవులిచ్చిన రోజున క్లాస్ టీచర్ నన్ను వరండాలో ఆపింది. చేతిలో తాళాల గుత్తి పట్టుకుని వెళ్ళిపోయే తొందరలో ఉంది.

"మీ అమ్మాయి రాతలో ఏ లోటూ లేదండీ. కానీ ఏడాదంతా నేను తన గొంతు వినలేదు. హాజరు పిలిస్తే చెయ్యెత్తుతుంది. పాఠం చదవమంటే నేల చూస్తుంది. ఇలాగైతే పై క్లాసుకి ఎలా పంపను? సెలవుల తర్వాత మళ్ళీ ఇదే క్లాసులో కూర్చోబెట్టాల్సి వస్తుంది."

"ఇంట్లో బాగా మాట్లాడుతుందండీ," అన్నాను.

"అందరు తల్లులూ ఆ మాటే అంటారు."

నా కూతురు నా పక్కనే నిలబడి చెప్పు పట్టీ చూసుకుంటోంది, ఆ మాటలు వేరెవరి గురించో అన్నట్టు. దాన్ని మేం గువ్వ అని పిలుస్తాం. ఇంట్లో దాని నోటికి తెరిపి ఉండదు. గడప దాటిందంటే ఎవరో జిప్పు లాగేసినట్టు మూసుకుంటుంది. జిప్పులు మార్చడం, ప్యాంట్ల అడుగు మడవడం, వదులైనవి బిగించడం, బిగుతైనవి వదులు చెయ్యడం నా పని. ఎంత మొండికేసిన జిప్పునైనా కాస్త సబ్బు రాసి, పళ్ళు సరిచేసి నడిపిస్తాను. నా కడుపున పుట్టిన దాని నోరు మాత్రం నాకు లొంగలేదు.

ఒకే క్లాసులో మళ్ళీ కూర్చోవడం అంటే ఏమిటో నాకు తెలుసు. ఎనిమిదో తరగతి సగంలో అమ్మకి జబ్బు చేస్తే, తమ్ముణ్ణి చూసుకోవడానికి నేను ఇంట్లో ఉండిపోయాను. మరుసటి ఏడు అదే క్లాసుకి వెళితే చిన్నపిల్లలు నన్ను అక్కా అని పిలిచారు. ఆ వారమే మానేశాను. గువ్వ కూడా అలా ఆగిపోతుందేమో అని ఆ రోజు నుంచి నా గుండెల్లో రాయి పడింది.

మా వీధి చివర లైబ్రరీలో సెలవులకి పిల్లల క్లాసు పెట్టారు. ట్యాబుల మీద బొమ్మలు గీసి, ఫొటోలు అతికించి, గొంతు రికార్డు చేసి ఒక్కో పేజీ తయారు చెయ్యాలి. పేజీని స్లైడ్ అంటారట. అన్నీ కలిపితే షో. ఆఖరి రోజున పెద్ద తెర మీద అందరివీ వేస్తారట. రికార్డు చెయ్యడం అనగానే నాకు ప్రాణం లేచొచ్చింది. పదిమంది ముందు నోరు విప్పక్కర్లేదు. ఇంట్లో మూల కూర్చుని మాట్లాడితే చాలు, తెరే ఆ మాటలు చెప్పేస్తుంది.

అదృష్టం కొద్దీ క్లాస్ టీచర్ అక్క కొడుకూ అక్కడే చేరాడు. టీచర్ దగ్గరికి వెళ్ళి, ఆ షో చూశాకే నిర్ణయించమని బతిమాలాను.

"వాడి షోకి ఎలాగూ వస్తాను," అంది. "తెర మీదైనా సరే, మీ అమ్మాయి గొంతు అందరి మధ్యా వినపడితే చాలు. పై క్లాసులో రాసుకుంటాను."

ఇక నాకు ఆ షో తప్ప వేరే ధ్యాస లేదు.

లైబ్రరీ టీచర్ చిన్న వయసు మనిషి, నెమ్మదస్తురాలు. ట్యాబు ఇంటికి ఇవ్వరు గనక, మిగతా పని ఇంటి దగ్గర నా ఫోన్‌లో చెయ్యాలంది. నా ఫోన్ సంగతి ఆవిడకేం తెలుసు. తెర అడ్డంగా పగిలి ఉంది. జాగా లేదు. గిరాకీలు పంపిన చొక్కాల ఫొటోలూ కాలర్ల ఫొటోలూ దాన్నిండా. అవన్నీ తుడిస్తే తప్ప యాప్ లోపలికి రాలేదు. వచ్చాక పాస్‌వర్డు అడిగింది. పెద్దక్షరం కావాలంది, ఇచ్చాను. అంకె కావాలంది, ఇచ్చాను. ఏదో ఒక గుర్తు కూడా కావాలంది. అద్దెకి ఇల్లిచ్చేవాడు కూడా నన్ను అన్ని ప్రశ్నలు వెయ్యలేదు. అంతా అయ్యాక, మీరు రోబో కాదని నిరూపించండి అని వీధిదీపాల బొమ్మలు చూపించింది. ఒడిలో విప్పదీసిన కోటు ఉంది, గుమ్మంలో దాని ఓనరు నిలబడి ఉన్నాడు, నేను వీధిదీపాలు ఏరుకుంటున్నాను.

"దేని మీద చేస్తున్నావే షో?" అని గువ్వని అడిగాను.

"మా ఇంటి చప్పుళ్ళు."

"ఇంటి చప్పుళ్ళేమిటే? టీచర్ వాళ్ళ అక్క కొడుకు గ్రహాల మీద చేస్తున్నాడట. నువ్వూ అలాంటిదేదో చెయ్యొచ్చుగా."

"గ్రహాలు చప్పుడు చెయ్యవమ్మా."

ఇలా మాట్లాడుతుంది ఇంట్లో. ఈ మాటల్లో ఒక్కటి క్లాస్ టీచర్ చెవిన పడితే చాలదా?

సెలవులన్నీ నా మిషన్‌కి అడ్డమే. కుళాయి చుక్కలు రికార్డు చెయ్యాలంటే మిషన్ ఆపాలి. లిఫ్ట్ తలుపు చప్పుడు కోసం గుమ్మం దగ్గర నక్కి కూర్చుంటుంది, ఎవరైనా కొత్తవాళ్ళు దిగితే లోపలికి పరుగు. ఫ్రిజ్ ముందు ఫోన్ పట్టుకుని కూర్చుంటుంది. ఫ్రిజ్ దాని ఇష్టం వచ్చినప్పుడు మోగుతుంది, ఇది ఫోన్ పెట్టేసి లేవగానే మొదలెడుతుంది. మా ఆయన సిటీ బస్సు నడుపుతాడు. డ్యూటీ దిగి వచ్చి మెట్ల మీద తాళాలు వెతుక్కుంటుంటే, "నాన్నా, మళ్ళీ కిందికెళ్ళి రా, సరిగా పడలేదు," అంటుంది. ఆయన నోరెత్తకుండా మళ్ళీ దిగి ఎక్కేవాడు.

"ఎందుకండీ దాన్ని అంత నెత్తికెక్కించుకుంటారు?" అంటే, "నా పోలికే కదా. నేనూ చిన్నప్పుడు మాట్లాడేవాణ్ణి కాదు," అనేవాడు. ఇప్పుడు మాత్రం మాట్లాడుతున్నట్టు.

షో రోజు రానే వచ్చింది. సాయంత్రం నాలుగింటికి. మధ్యాహ్నం లోపల లింకు పంపమని లైబ్రరీ టీచర్ చెప్పింది. పొద్దున్న గువ్వ స్నానానికి వెళ్ళగానే నేను షో తెరిచి మొదటి నుంచీ చూశాను.

ఫ్రిజ్‌ని లావుపాటి మనిషిలా గీసింది. ఒక మూల స్పీకర్ గుర్తు, నల్లగా, మిరియపు గింజంత. అది నొక్కితే గువ్వ గొంతు. "ఇది మా ఫ్రిజ్. దీనికి గురక ఎక్కువ." వెనక నిజంగానే ఫ్రిజ్ గురక. కుళాయి బొమ్మ మీద గుర్తు నొక్కాను. "ఇది ఏడుపు ఆపదు. నాన్న ఆదివారం బాగుచేస్తానంటాడు. ఏ ఆదివారమో చెప్పడు." తాళాలు, లిఫ్ట్, మిషన్, అన్నిటికీ ఒక్కో మాట. దాని గొంతు అంత బాగుంటుందని వింటే గానీ నాకే తెలియలేదు.

ఆఖర్న, ధన్యవాదాల పేజీకి ముందు, నేను. మిషన్ ముందు కూర్చున్న ఆడమనిషి, పెదాల మధ్య వరసగా గుండుసూదులు. గుర్తు నొక్కాను.

"ఇది మా అమ్మ. సూదులు నోట్లో పెట్టుకుని తిడుతుంది. అందుకని తిట్లు సన్నగా వస్తాయి." తర్వాత మిషన్ చప్పుడు, దాని మధ్య నా గొంతు, పళ్ళ సందుల్లోంచి. "మాట్లాడితే అరిగిపోతావా? నోరున్నది దేనికి? నిన్ను చూసి నలుగురూ నన్ను అంటున్నారు. మొద్దులా నిలబడకు, పో అవతలికి."

ఎప్పటిదో నాకు గుర్తుంది. కోటు ఓనరు నీ పేరేంటమ్మా అని అడిగితే ఇది గోడ చూసింది. ఆయన వెళ్ళాక అన్నాను. అప్పుడు ఫోన్ దీని చేతిలో ఉందని నాకెలా తెలుస్తుంది?

క్లాస్ టీచర్ అది వింటే ఏమనుకుంటుంది? పిల్ల నోరు మూసింది ఎవరో ఇప్పుడు తెలిసిందిలే అనుకోదూ? ఆ యాప్‌లో నాకు బాగా వచ్చిన పని ఒకటే, కావలసిన దాన్ని నొక్కి పట్టుకుంటే చెత్తబుట్ట వస్తుంది. నొక్కి పట్టుకున్నాను. చెత్తబుట్ట వచ్చింది. స్లైడ్ పోయింది.

తర్వాత లింకు. పంపేముందు రెండు బొమ్మలు చూపించింది, ఒకటి కన్ను, ఒకటి పెన్సిల్. పక్కన ఏదో రాసి ఉంది గానీ నా తెర పగిలింది సరిగ్గా అక్కడే. కన్ను నొక్కబుద్ధి కాలేదు. పిల్ల మొదటిసారి నోరు విప్పి చేసిన పని, దాని మీద అందరి కళ్ళూ ఎందుకు పడాలి? చదువుకునే పిల్లది గనక పెన్సిలే సరైందనిపించింది. పెన్సిల్ నొక్కి లైబ్రరీ టీచర్‌కి పంపాను.

అక్కడితో ఆగితే బాగుండేది. మా రెండు వైపులవాళ్ళూ ఉన్న గ్రూపులో మా పెద్దాడపడుచు ఎప్పుడూ ఒకటే ఎత్తిపొడుపు, "మీ మౌనిబాబా గారు నోరు విప్పారా?" అని. ఆవిడ ఫొటో స్టూడియోలో పనిచేస్తుంది. మొహాల మీద మొటిమలూ మచ్చలూ తీసేసి నున్నగా చేసి ఇవ్వడం ఆవిడ పని. ఆ ఎత్తిపొడుపు గుర్తొచ్చి అదే లింకు గ్రూపులోనూ పెట్టాను. "మా గువ్వ చేసిన షో. చూడండి," అని రాశాను. బొటనవేళ్ళు వచ్చాయి, చప్పట్లు వచ్చాయి. నాకు కడుపు నిండింది. ఫోన్ పక్కన పెట్టి జిప్పు కుట్టుకున్నాను.

భోజనాలప్పుడు గువ్వ ఫోన్ తీసింది.

"అమ్మా, ఇదెవరిది?"

మొదటి పేజీ నిండా గులాబీ. రేకుల మీద మంచు బొట్లు. కింద బంగారు రంగులో శుభోదయం. "మా ఇంటి చప్పుళ్ళు" అని గువ్వ రాసుకున్న పేరు గులాబీ ఆకుల వెనకెక్కడో ఉంది. ఇది వేలితో పేజీ తిప్పింది. ఫ్రిజ్ ఉంది, నున్నగా. కుళాయి ఉంది. ఏ బొమ్మ మీదా నల్ల గుర్తు లేదు. ఆఖరి పేజీలో ధన్యవాదాల కింద, "కర్టెన్లు, దిండు గలేబులు. ఇంటికొచ్చి కొలతలు తీసుకోబడును," అని మా తమ్ముడి కొట్టు ఫోన్ నంబరు.

ఆడపడుచుకి ఫోన్ చేశాను.

"ఏమ్మా, చూశావా? ఎలా ఉంది?"

"వదినా, మీరేమైనా మార్చారా అందులో?"

"మార్చడమేంటి, బాగుచేశాను. మొదటి పేజీ బోసిగా ఉందని పువ్వు పెట్టాను. చిన్నపిల్ల చేతిపని కదా, ప్రతి బొమ్మ మీదా ఓ మూల నల్లమచ్చ. స్టూడియోలో మనుషులు కూర్చుని ఉన్నా, ముందు మన పిల్లదే అని ఒక్కోటీ తీశాను."

"ఆ మచ్చలే దాని గొంతు, వదినా."

"ఏంటీ?"

"అది స్పీకర్ గుర్తు. నొక్కితే పిల్ల మాటలు వస్తాయి."

"స్టూడియోలో నా ఫోన్ మూగగా పెట్టుకుంటానమ్మా. నాకేం తెలుసు? అయినా అలాంటిది మొహం మీద పెడతారా ఎవరైనా? ఫ్రిజ్‌కి పుట్టుమచ్చలా ఉంది."

"తిరిగి పెట్టగలరా?"

"తీయడమే వచ్చు నాకు. మచ్చ తిరిగి కావాలని మా దగ్గర ఇంతవరకు ఎవరూ అడగలేదు."

తమ్ముడికి చేశాను. "అక్కా, అందరూ చూసేది కదా, ఆ కింద జాగా ఊరికే పడుందని పెట్టాను," అన్నాడు. "నీకు ఇబ్బందైతే నంబరు చిన్నది చేస్తాలే."

యాప్‌లో వెనక్కి తిరిగిన బాణం ఒకటుంటే నొక్కాను. ఏమీ రాలేదు. ఇంకోటి నొక్కాను. గులాబీ ఇంకా పెద్దదైంది. మా ఆయనకి చేస్తే, "లైబ్రరీ టీచర్ని అడుగు. వెనక బస్సు వాడు హారన్ కొడుతున్నాడు," అని పెట్టేశాడు. కష్టమొచ్చినప్పుడల్లా ఈయన వెనక ఎవడో ఒకడు హారన్ కొడుతూనే ఉంటాడు.

"గువ్వా, రా. గబగబా మళ్ళీ చెప్పేద్దువు గాని, రికార్డు చేద్దాం."

గువ్వ లేదు. వంగి చూస్తే మిషన్ బల్ల కింద, గుడ్డపేలికల మధ్య, మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఉంది.

"బయటికి రావే."

"ఫ్రిజ్ ఇప్పుడు గురక పెట్టట్లేదు."

"ఫ్రిజ్ సంగతి వదిలెయ్. నువ్వు మాట్లాడు చాలు."

"చప్పుడు లేకుండా ఏం చెప్పను? తాళాలు నాన్న దగ్గరున్నాయి. నాన్న బస్సులో ఉన్నాడు."

"ఏదో ఒకటి చెప్పవే. టీచర్ వస్తోంది. గొంతు వినపడకపోతే మళ్ళీ అదే క్లాసు, తెలుస్తోందా నీకు? నీ కోసం పని మానుకుని వీధిదీపాలు ఏరాను నేను."

అరిచాను. గట్టిగానే అరిచాను. పక్క ఫ్లాట్లో టీవీ చప్పుడు తగ్గింది. బల్ల కింద నుంచి ఒక ప్రశ్న వచ్చింది.

"అమ్మా, నీ స్లైడ్ మొత్తానికే లేదు. ఎవరు తీశారు?"

"మీ అత్తే తీసేసి ఉంటుంది."

ఎలా వచ్చిందో ఆ మాట, తడుముకోకుండా వచ్చేసింది. గువ్వ తల పైకెత్తి నన్ను చూసింది.

"అత్తా?"

"మరి ఇంకెవరు?"

పేలికలు దులుపుకుని లేచింది.

నాలుగింటికి లైబ్రరీలో కుర్చీలు వరసగా వేసి, కిటికీలకి నల్లగుడ్డలు కట్టారు. క్లాస్ టీచర్ ముందు వరసలో కూర్చుంది. నేను వెళ్ళి లైబ్రరీ టీచర్ చెవిలో సంగతంతా చెప్పాను.

"పెన్సిల్ నొక్కి పంపితే లింకు ఉన్నవాళ్ళెవరైనా మార్చొచ్చండీ. పాత కాపీ లోపల ఎక్కడో ఉంటుంది, దొరుకుతుంది," అంది. "కానీ కంప్యూటర్ ఇదొక్కటే. దీని మీదే షోలు నడుస్తున్నాయి. అయిపోయాక వెతికి పెడతాను."

"అయిపోయాక ఏం లాభమండీ?"

క్లాస్ టీచర్ దగ్గరికి వెళ్ళాను. వేరే రోజు వినమని అడిగాను. రేపు పొద్దున్నే ఊరికి వెళుతున్నానని, బడి తెరిచే రోజుకి గానీ రానని అంది. పై క్లాసుకి వెళ్ళేవాళ్ళ పేర్లు ఇవాళ రాత్రే ఇచ్చేయాలట.

"పోనీ, పేజీలు తిప్పుతుంటే దాని బదులు నేను చెప్తానండీ. అన్నీ నాకు కంఠతా వచ్చు."

"మీ గొంతు నాకు తెలుసు కదండీ," అంది.

గ్రహాల పిల్లాడు పెద్ద మ్యూజిక్‌తో గ్రహాలన్నీ తిప్పాడు. చప్పట్లు కొట్టారు. కుక్కల మీద ఒక అమ్మాయి చేసింది. ఆమె తర్వాత గువ్వని పిలిచారు. గువ్వ వెళ్ళి తెర పక్కన నిలబడింది. నేను ఒడిలో ఉన్న సంచి పట్టీ మెలిపెట్టుకుంటూ కూర్చున్నాను. పట్టీ కుట్టు ఊడటం వేలికి తెలుస్తూనే ఉంది.

తెర మీద గులాబీ వచ్చింది. ఆ తెర మీద అది గోడంత ఉంది. శుభోదయం అని మెరిసింది. వెనక కుర్చీల్లో పిల్లలు కిసుక్కున నవ్వారు. "సాయంత్రమైతే శుభోదయమేంట్రా," అన్నాడొకడు.

గువ్వ తెరని చూసింది. పిల్లల్ని చూసింది. చెవులు ఎర్రబడ్డాయి. ఇంట్లో అయితే ఆ ఎరుపు తర్వాత గిన్నె ఎగిరేది.

"అది నాది కాదు."

తెరతో చెప్పింది, మనుషులతో చెప్పలేదు. చిన్న గొంతు. ముందు వరసకి వినపడిందో లేదో.

"ఏంటీ?" అన్నాడు గ్రహాల పిల్లాడు.

"గులాబీ నాది కాదు." ఈసారి వాడి వైపు తిరిగింది. "మా అత్త పెట్టింది. నేను ఫ్రిజ్ పెట్టాను."

లైబ్రరీ టీచర్ పేజీ తిప్పింది. ఫ్రిజ్ వచ్చింది. గువ్వ మునివేళ్ళ మీద లేచి ఆ బొమ్మ మూల మీద వేలు పెట్టింది. "ఇక్కడ చప్పుడుండాలి. మచ్చ అనుకుని మా అత్త తుడిచేసింది."

ఇప్పుడు పెద్దవాళ్ళు కూడా నవ్వారు.

"నవ్వకండి," అంది. దాని గొంతు వణికింది. అది ఏడుపు వణుకు కాదు, నాకు తెలుసు. "ఎంతసేపు కూర్చుని పట్టుకున్నానో మీకు తెలీదు. ఫ్రిజ్ పిలిస్తే పలకదు."

"ఎలా ఉంటుంది దాని చప్పుడు?" అన్నాడు గ్రహాల పిల్లాడు. వాడికి నిజంగానే తెలుసుకోవాలని ఉంది.

గువ్వ ఒక్క క్షణం ఆలోచించింది. గొంతులోంచి గుర్రుమని తీసింది, సన్నగా మొదలెట్టి, లావు చేసి, ఆఖర్న నాలికతో టక్కుమని ఆపింది. అచ్చం మా ఫ్రిజ్. "తర్వాత ఇలా ఊరుకుంటుంది," అని నిజంగా ఊరుకుంది, ఫ్రిజ్ ఎంతసేపు ఊరుకుంటుందో అంతసేపూ. హాలంతా దాని కోసం ఆగింది.

కుళాయి వచ్చింది. బుగ్గ మీద వేలితో కొట్టి చుక్కలు రాల్చింది. నాన్న ఆదివారం సంగతి చెప్పింది. తాళాలు నోటితో రాకపోతే, క్లాస్ టీచర్ ఒడిలో తాళాల గుత్తి చూసి, వెళ్ళి చెయ్యి చాపింది. ఆవిడ ఇచ్చింది. అది ఆడించి, "మా నాన్నవి ఇంకొంచెం బరువు," అని తిరిగి ఇచ్చేసింది. లిఫ్ట్ చేసింది. మిషన్ చేసింది, దారం తెగేటప్పుడు వచ్చే చప్పుడుతో సహా.

ఆఖరి పేజీలో కర్టెన్లు వచ్చాయి. "ఇది మా మామయ్య కొట్టు. నాకు సంబంధం లేదు," అంది. నాకు హమ్మయ్య అనిపించింది. అయిపోయింది, గట్టెక్కాం అనుకున్నాను. కానీ అది కదల్లేదు.

"దీనికి ముందు ఇంకోటి ఉండేది. మా అమ్మ చప్పుడు."

నా వైపు చూడలేదు. పెదాలు బిగించింది, మధ్యలో సూదులు ఉన్నట్టు. మిషన్ చప్పుడు కాస్త తీసింది. పళ్ళ సందుల్లోంచి సన్నగా అంది, "మాట్లాడితే అరిగిపోతావా? నోరున్నది దేనికి?" మళ్ళీ మిషన్. "నిన్ను చూసి నలుగురూ నన్ను అంటున్నారు. మొద్దులా నిలబడకు, పో అవతలికి." మళ్ళీ మిషన్, దారం తెంపడం.

హాలు పగిలిపోయేలా నవ్వారు. నా పక్కన ఒకామె, "అచ్చు మా ఇల్లే," అని మోకాలి మీద కొట్టుకుంది. నేను కూడా నవ్వాలని చూశాను. మొహం మాట వినలేదు. క్లాస్ టీచర్ నవ్వలేదు. మెడ తిప్పి కుర్చీల్లో నన్ను వెతికి, చూసి, మళ్ళీ తెర వైపు తిరిగింది.

అయిపోయాక గుమ్మం దగ్గర కలిశాను.

"వినపడిందండీ," అంది. "పై క్లాసులోనే కూర్చుంటుంది." తాళాలు సంచిలో వేసుకుంటూ, "ఆఖరిది కూడా వినపడింది," అని వెళ్ళిపోయింది.

సెలవులంతా నేను దేని కోసం కొట్టుకున్నానో అది దొరికింది. చంకలు గుద్దుకోవాలి. నాకేమో దారిలో ఎవరి మీదైనా విరుచుకుపడాలని ఉంది, ఎవరి మీదో తెలియలేదు. ఫోన్ మోగింది. గ్రూపులో ఆడపడుచు: "మేనకోడలు అదరగొట్టిందట కదా. గులాబీ గురించి ఎవరేమన్నారు?" దాని కింద తమ్ముడు: "అక్కా, ఎవరో ఫోన్ చేసి కర్టెన్లు అడుగుతున్నారు."

గువ్వ నా కంటే ముందు నడుస్తోంది, చెప్పులు ఈడ్చుకుంటూ. మూసి ఉన్న కొట్ల షట్టర్ల మీద వేలు రాస్తూ పోతోంది, ఒక్కో షట్టరూ ఒక్కో రకంగా గరగరమంటోంది. మామూలుగా అయితే చెయ్యి మాసిపోతుందని అనేదాన్ని. అనలేదు.

మా బిల్డింగ్ గేటు దగ్గర అది ఆగింది.

"అమ్మా, నీ స్లైడ్ తీసింది నువ్వే కదా."

"ఎవరన్నారు?"

"అత్త తీస్తే ఆ జాగాలో గులాబీ పెట్టేది."

మాసిన వేలు గౌనుకి తుడుచుకుంటూ నా జవాబు కోసం నిలబడింది. ఊళ్ళో వాళ్ళెవరూ లేరు అక్కడ. తప్పించుకోవడానికి నా వెనక ఏ బస్సూ హారన్ కొట్టలేదు.

"నేనే తీశాను," అన్నాను. "ఇంటికెళ్ళాక మళ్ళీ గీసుకో."

"బొమ్మ గీస్తాను. చప్పుడుకి నువ్వు మళ్ళీ తిట్టాలి, సూదులు పెట్టుకుని."

"ఇప్పుడు నాకు కోపం లేదు."

"వస్తుందిలే," అని గువ్వ మెట్ల వైపు నడిచింది.